ఎమిలియో బోతిన్: బ్యాంకును పెంచినవాడా, కుర్చీ పట్టుకుని కూర్చున్నవాడా?

పాతలెడ్జర్ · శనివారం ఉదయం 6:50

నిన్న మరో చర్చలో ఒక సభ్యుడు "వారసులు నడిపే బ్యాంకు ఏనాటికైనా మునిగేదే" అని తేల్చేశారు. అక్కడ జవాబు రాస్తే విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ కొత్తగా మొదలుపెడుతున్నాను. ఆ మాటకు నా దగ్గరున్న గట్టి జవాబు స్పెయిన్‌కు చెందిన ఎమిలియో బోతిన్.

ఆయన 1934లో శాంటాండర్ అనే రేవు పట్టణంలో పుట్టారు. బ్యాంకు పేరూ ఆ ఊరి పేరే. తాత, తండ్రి, తాను, ముగ్గురి పేరూ ఎమిలియోనే, ముగ్గురూ వారి బ్యాంకుకు అధ్యక్షులే. 1986లో తండ్రి నుంచి కుర్చీ అందుకునే నాటికి అది స్పెయిన్‌లోనే ఆరేడో స్థానంలో ఉన్న బ్యాంకు. 2014 సెప్టెంబరులో గుండెపోటుతో ఆయన కన్నుమూసే నాటికి మార్కెట్ విలువలో యూరో దేశాలన్నిటిలోకీ పెద్దది. ఈ రెంటికీ మధ్య 28 ఏళ్ళు.

నేను 31 ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను, ఎక్కువ కాలం అప్పుల విభాగంలో. ఆయన చేసిన పనుల్లో ఒకటి నన్ను ఇప్పటికీ నిలబెట్టి ఆలోచింపజేస్తుంది. ఆ రోజుల్లో స్పెయిన్‌లోని ఏడు పెద్ద బ్యాంకుల అధ్యక్షులు నెలకోసారి కలిసి భోజనం చేసేవారు. ఒకరి ఖాతాదారును మరొకరు లాక్కోకూడదన్నది ఆ భోజనాల మర్యాద. 1989 సెప్టెంబరులో బోతిన్ 'సూపర్‌క్వెంతా' అనే ఖాతా తెచ్చి 11 శాతం వడ్డీ ఇస్తానని ప్రకటించారు. అదీ కరెంటు ఖాతా డబ్బుకు! ఇందులో ఎంత సాహసం ఉందో బ్యాంకులో పనిచేసినవారికి వెంటనే తెలుస్తుంది. జనం ఖాతాలో ఊరికే వదిలేసిన డబ్బే మాకు అన్నిటికన్నా చవకైన సరుకు. దానికి 11 శాతం ఇస్తానంటే ముందు తన లాభానికే కోత పెట్టుకున్నట్లు. ఏడాది తిరగకుండానే మిగతా బ్యాంకులన్నీ అదే బాట పట్టక తప్పలేదు. లాభపడినవాడు సామాన్య ఖాతాదారు.

జీతానికి వచ్చిన అధ్యక్షుడు ఈ పని చేసేవాడా? మూడేళ్ళ పదవి ఉన్నవాడు మొదటి ఏడాదే లాభం తగ్గించుకుంటాడా?

నికరలాభం · ఉదయం 8:15

లెడ్జర్ గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయితే అసలు అంకె మీరు రాయలేదు. ఆ బ్యాంకులో బోతిన్ కుటుంబం మొత్తానికి ఉన్న వాటా 2 శాతం, కాస్త అటూ ఇటూగా. మిగతా 98 శాతం బయటివారిది, అందులో లక్షలాది మంది చిన్న వాటాదారులు.

సొంత డబ్బు పెట్టి సొంత దుకాణం నడిపితే కొడుక్కి ఇస్తాడో కూతురికి ఇస్తాడో ఆయన ఇష్టం. నూటికి రెండు రూపాయలు తనవైతే మిగతా తొంభై ఎనిమిది రూపాయల మీద తాత, తండ్రి, కొడుకు, ఆ కొడుకు కూతురు వరుసగా కూర్చోవడానికి ఆధారం ఏమిటి? నేను అడిగేది ఈ ఒక్క ప్రశ్న.

భోజనాల సంగతి అంటారా, ఆ బల్ల దగ్గర శాంటాండర్‌కూ ఒక కుర్చీ ఉండేది. ఆయన కూల్చింది తన తండ్రి కాలం నుంచి తమకూ లాభం పంచిన ఒప్పందాన్నే.

వేపచెట్టు · ఉదయం 8:32

2 శాతంతో ఎలా నెగ్గుకొస్తారు? వారి షేర్లకు ఎక్కువ ఓట్లు ఉంటాయా?

నికరలాభం · ఉదయం 8:40

లేవండీ. ఒక షేరుకు ఒక ఓటే. వాటాదారులు చెల్లాచెదురుగా ఉంటారు, సమావేశానికి రాలేని చాలామంది తమ ఓటును అధ్యక్షుడికే అప్పగిస్తారు. ఇక ఆయనకు ఎదురు నిలిచేది ఎవరు?

రైలుబండి · ఉదయం 9:05

లెడ్జర్ గారు "వారి బ్యాంకు" అన్నారు. అది తప్పు. 1857లో ఆ ఊరి వర్తకులు అమెరికా ఖండంతో సాగే వ్యాపారం కోసం పెట్టుకున్న బ్యాంకు అది. రాణి రెండవ ఇసబెల్ ఉత్తర్వుతో మొదలైంది. బోతిన్‌ల తాత మొదటిసారి అధ్యక్షుడైంది 1909లో. 1923లో ఆయన పోయాక 1950 వరకు, అంటే 27 ఏళ్ళు, ఆ కుర్చీలో బోతిన్ లేరు. కాబట్టి వంశపారంపర్యం అనే మాటే సరికాదు.

పాతలెడ్జర్ · ఉదయం 9:20

"వారి బ్యాంకు" అని వాడుకగా అన్నాను, యాజమాన్యపు పత్రం చూపించలేదు. 1950 నుంచి 1986 వరకు తండ్రి, 1986 నుంచి 2014 వరకు కొడుకు, ఆ తర్వాత కూతురు. దీన్ని వంశం అనకపోతే మరేమంటారు?

రైలుబండి · ఉదయం 9:24

27 ఏళ్ళ విరామం ఉంది కదా. నేను అన్నది అంతే.

తీరందాటి · ఉదయం 10:10

నేను పదకొండేళ్ళుగా స్పెయిన్‌లో ఉంటున్నాను. మీ ఇద్దరి వాదనలో ఆ ఊరు కనిపించడం లేదు.

శాంటాండర్ పట్టణంలో సముద్రానికి ఎదురుగా పెరెదా వీధిలో బ్యాంకు పాత భవనం ఉంది. రెండు కట్టడాలను పెద్ద కమాను ఒకటి కలుపుతుంది, దాని కింది నుంచి అవతలి వీధికి నడిచి వెళ్ళవచ్చు. దానికి ఎదురుగా నీటి అంచున స్తంభాల మీద నిలబెట్టిన బోతిన్ కళాకేంద్రం 2017లో తెరిచారు. ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో రూపకల్పన. గోడల నిండా చిన్న చిన్న గుండ్రటి పింగాణీ బిళ్ళలు, మబ్బు పట్టినప్పుడు చేప పొలుసుల్లా మెరుస్తాయి. దాన్ని మొదలుపెట్టించిన బోతిన్ మాత్రం పూర్తయ్యేదాకా బతకలేదు.

ఇంకో సంగతి. ఆల్తమీరా గుహల పేరు పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివి ఉంటారు. 1879లో మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా అనే భూస్వామి ఆ గుహలో నేల తవ్వి పాత పనిముట్లు వెతుకుతుంటే, వెంట వెళ్ళిన ఎనిమిదేళ్ళ కూతురు మరియా తల పైకెత్తి పైకప్పు మీద ఎద్దుల బొమ్మలు చూసింది. పండితులు నమ్మలేదు, ఎవరితోనో గీయించిన దొంగ బొమ్మలన్నారు. ఆయన 1888లో ఆ నింద మోస్తూనే పోయారు. 1902లో గానీ ఫ్రెంచి పండితుడు కార్తాయాక్ తన పొరపాటు ఒప్పుకోలేదు. ఆ చిన్నపిల్ల మరియా పెద్దయ్యాక పెళ్ళాడింది మొదటి ఎమిలియో బోతిన్‌ను. అంటే మీరు వాదించుకుంటున్న బోతిన్‌కు ఆమె నాయనమ్మ.

అసలు గుహలోకి ఇప్పుడు మామూలు సందర్శకులను పంపరు. పక్కనే కట్టిన నమూనా గుహలో మా పిల్లలతో పాటు నేనూ మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. ఆ ఊరివారికి ఈ కుటుంబం వట్టి బ్యాంకు కాదు.

నికరలాభం · ఉదయం 10:25

చాలా చక్కగా రాశారు, మరియా కథ నాకు తెలియదు. కానీ నాయనమ్మ ఎద్దుల బొమ్మలు కనిపెట్టినందుకు మనవడికి బ్యాంకు రాదు కదండీ.

తీరందాటి · ఉదయం 10:31

రావాలని నేను అనలేదు.

పాతలెడ్జర్ · ఉదయం 11:40

వారసుడికి తెలివి లేదు, పేరే పెట్టుబడి అన్న ధోరణి కనిపిస్తోంది కాబట్టి లెక్కలే రాస్తాను.

1993 డిసెంబరు 28న స్పెయిన్ కేంద్ర బ్యాంకు, బనెస్తో అనే బ్యాంకు పాలకమండలిని దించేసింది. ఖాతాల్లో తేలిన గుంత 60,500 కోట్ల పెసెటాలు (యూరోకు ముందు స్పెయిన్ డబ్బు). దాని అధ్యక్షుడు మారియో కోందె ఏ వంశం పేరూ చెప్పుకుని వచ్చినవాడు కాదు, పైకి ఎగబాకినవాడు. తర్వాత జైలుకు వెళ్ళాడు. 1994 ఏప్రిల్‌లో ఆ బ్యాంకును వేలానికి పెట్టారు. బోతిన్ షేరుకు 762 పెసెటాలు రాశారు, పోటీగా వచ్చిన మరో స్పెయిన్ బ్యాంకు బీబీవీ 667 రాసింది. ఆ ఒక్క రోజుతో శాంటాండర్ స్పెయిన్‌లో మొదటి స్థానానికి వచ్చింది.

2000లో బ్రెజిల్‌లోని బానెస్పా బ్యాంకు వేలం. కనీస ధర 185 కోట్ల రెయాల్‌లు. రెండో పాట 210 కోట్లు. బోతిన్ 705 కోట్లు ఇచ్చారు. పిచ్చిపని అన్నారు అందరూ. తర్వాత కొన్నేళ్ళకు శాంటాండర్ లాభాల్లో బ్రెజిల్‌దే అన్నిటికన్నా పెద్ద ముక్క.

2007లో మరో రెండు బ్యాంకులతో కలిసి డచ్చి బ్యాంకు ఏబీఎన్ ఆమ్రోను 7,100 కోట్ల యూరోలకు కొన్నారు. తోడు వచ్చిన బ్రిటన్ బ్యాంకు ఆర్‌బీఎస్‌ను మరుసటి ఏడాది ప్రభుత్వం ఆదుకోవలసి వచ్చింది. బెల్జియం బ్యాంకు ఫోర్తిస్ కుప్పకూలింది. బోతిన్ తన వంతుకు వచ్చిన ఇటలీ బ్యాంకు ఆంతోన్‌వెనెతాకు 660 కోట్ల యూరోలు లెక్కగట్టి, నవంబరులో మోంతె దెయి పాస్కీ అనే బ్యాంకుకు 900 కోట్లకు అమ్మే ఒప్పందం చేసుకున్నారు. కొనుక్కున్నది 1472 నాటి బ్యాంకు. ఆ కొనుగోలు దెబ్బ నుంచి తేరుకోలేక చివరికి అది ఇటలీ ప్రభుత్వం చేతికి వెళ్ళింది.

ముగ్గురు కలిసి ఒకే సంతకు వెళితే, ఇద్దరు ఇల్లు అమ్ముకున్నారు, ఒకరు లాభంతో తిరిగివచ్చారు. ఇది పుట్టుకతో వచ్చేది కాదు.

వేపచెట్టు · ఉదయం 11:52

ఆంతోన్‌వెనెతా విషయం ఇప్పుడే తెలిసింది. రెండు నెలల్లో 240 కోట్లు!

నికరలాభం · మధ్యాహ్నం 12:50

ఏబీఎన్ ఆమ్రో ప్రస్తావన మీరే తెచ్చారు కాబట్టి, దాన్ని కొనడానికి డబ్బు ఎక్కడిదో కూడా రాయండి. 'వలోరెస్ శాంటాండర్' అనే పత్రాలు అమ్మి 700 కోట్ల యూరోలు తెచ్చారు. కొన్నది సుమారు 1,29,000 మంది సొంత ఖాతాదారులు. అయిదేళ్ళ తర్వాత 2012లో అవి తప్పనిసరిగా షేర్లుగా మారాయి. మారిన ధర షేరుకు 12.96 యూరోలు, ఆ రోజు బజారులో షేరు ధర అందులో సగం కూడా లేదు. అమ్మిన తీరు సరిగా లేదని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ 2014లో 1.69 కోట్ల యూరోల జరిమానా వేసింది. మీ ఇద్దరు వర్తకులు అమ్ముకున్నది సొంత ఇళ్ళు. ఈ మూడో ఆయన వెనక ఎవరి ఇళ్ళు ఉన్నాయో చూడండి.

ఇవి కూడా లెడ్జరులో రాసుకోండి. 1999లో సెంత్రల్ ఇస్పానో అనే బ్యాంకుతో 'సమానుల విలీనం' అన్నారు. రెండు వైపులా అధ్యక్షులు. మూడేళ్ళలో అవతలివారంతా వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు అటువైపు అధ్యక్షుడు అమూసాతెగీకి 4.4 కోట్ల యూరోలు, ముఖ్య కార్యనిర్వాహకుడు కోర్కోస్తెగీకి పింఛను కింద 10.8 కోట్ల యూరోలు. ఆ చెల్లింపుల కేసులో కోర్టు బోతిన్‌ను 2005లో నిర్దోషి అన్నది, పై కోర్టూ సమర్థించింది, ఒప్పుకుంటాను. నేరం కాకపోవచ్చు. కానీ కుర్చీ మీద మిగిలింది ఆయన, చెల్లించింది వాటాదారులు.

2010లో జెనీవా బ్యాంకు ఖాతాల జాబితా బయటపడితే, కుటుంబం సుమారు 20 కోట్ల యూరోల పన్ను కట్టింది. అంతర్యుద్ధం నాడు తండ్రి దాచిన డబ్బు అన్నారు. పన్ను కట్టేశారు కాబట్టి 2012లో కేసు మూసేశారు. జాబితా బయటపడకపోతే కట్టేవారా?

పాతలెడ్జర్ · మధ్యాహ్నం 1:15

అమెరికాలో మేడాఫ్ అనే మదుపుల వ్యాపారి చేసిన మోసంలో తన ఖాతాదారుల డబ్బు 233 కోట్ల యూరోలు ఇరుక్కుంటే, చట్టం అడగకముందే విడి ఖాతాదారులకు 138 కోట్ల విలువైన పత్రాలు పరిహారంగా ఇస్తానన్నారు. అది మీ జాబితాలో లేదేమి?

నికరలాభం · మధ్యాహ్నం 1:22

పత్రాలు ఇచ్చారు, డబ్బు కాదు. పైగా దావా వేయబోమని రాయించుకున్నారు.

న్యాయపీఠం · మధ్యాహ్నం 2:05

ఒక చట్టపు విషయం చేరుస్తాను, ఇది ఆయన పేరుతోనే నిలిచిపోయింది. స్పెయిన్‌లో నేరంతో నేరుగా నష్టపోనివారు కూడా ప్రజల తరఫున కోర్టులో అభియోగం మోపవచ్చు. 1980ల చివర ఈ బ్యాంకు తాను ఇచ్చిన అప్పులను ముక్కలుగా ఖాతాదారులకు బదలాయించింది. ఆ రాబడి పన్ను శాఖ కంటికి కనిపించలేదని కేసు. ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి ప్రాసిక్యూటరు, ప్రభుత్వ న్యాయవాది ఇద్దరూ విచారణ వద్దన్నారు, ప్రజల తరఫు అభియోగం ఒక్కటే మిగిలింది. అదొక్కటే ఉంటే విచారణ తెరవనక్కర్లేదని 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. దీన్నే 'బోతిన్ సిద్ధాంతం' అంటారు. మరుసటి ఏడాది మరో కేసులో దానికి హద్దులు గీశారు. 2016లో స్పెయిన్ రాజకుమారి క్రిస్తీనా ఇదే సిద్ధాంతం కింద తప్పించుకోవాలని చూసి నెగ్గలేకపోయారు.

రైలుబండి · మధ్యాహ్నం 2:11

అంటే నిర్దోషి అని తేలలేదు, విచారణే జరగలేదు. రెండూ వేరు.

పాతలెడ్జర్ · మధ్యాహ్నం 2:40

విచారణ జరిగిన కేసులో నిర్దోషి, జరగని కేసులో అనుమానితుడు. ఎలా చూసినా దోషే అన్నమాట. నికరలాభం గారూ, మీరు లెక్కలు తనిఖీ చేసే మనిషి. బ్యాంకు కౌంటరు వెనక ఒక్క రోజు కూర్చోలేదు. పంట పాడైన రైతు ఎదుట కూర్చుని అప్పు పొడిగించాలా వద్దా అని ఆ క్షణంలో తేల్చుకోవలసి వస్తే తెలుస్తుంది, తప్పు చేయకుండా బ్యాంకు నడపడం అంటే ఏమిటో. అద్దాల గదిలో కూర్చుని ఎర్ర సిరాతో గీతలు కొట్టడం ఎవరైనా చేస్తారు.

నికరలాభం · మధ్యాహ్నం 3:05

ఇంత దూరం వచ్చారు కాబట్టి నేనూ చెబుతాను.

నేను ఒక కుటుంబ సంస్థలో 19 ఏళ్ళు పనిచేశాను. పేరు చెప్పను. ఉద్యోగంలో చేరిన పన్నెండో ఏట నుంచి ఖాతాల బాధ్యత అంతా నాదే. రాత్రి పదింటికి ఇల్లు చేరిన రోజులే ఎక్కువ. యజమాని నన్ను "ఇంట్లో మనిషివి" అనేవారు. చదువు ముగించుకుని వాళ్ళబ్బాయి వచ్చాడు, వయసు 26. మొదటి నెలలోనే నాకు పైఅధికారి. పని నేర్పమని నాకే అప్పగించారు, నేర్పాను. మూడో ఏడాది నా టేబులు మెట్ల కింది గదిలోకి మార్చారు. ఆ గదికి కిటికీ లేదు.

మీరు 705 కోట్లు, 762 పెసెటాలు అని రాస్తుంటే నాకు కనిపించేది ఆ టేబులు. బోతిన్ తెలివైనవాడు కాడని నేను ఎక్కడ అన్నాను? ఆ బ్యాంకులో అంతే తెలివైనవాళ్ళు మరో పదిమంది ఉండి ఉంటారు. వాళ్ళ నాన్న పేరు ఎమిలియో కాకపోవడమే వాళ్ళు చేసిన తప్పు.

వేపచెట్టు · మధ్యాహ్నం 3:12

కిటికీ లేని గది అన్న మాట దగ్గర ఆగిపోయాను.

నూనెమిల్లు · సాయంత్రం 4:30

ఉదయం నుంచి చదువుతున్నాను. ఇద్దరూ కూతురి ప్రస్తావన ఒక ముక్కలో తేల్చేశారు కాబట్టి రాయక తప్పడం లేదు.

అనా పత్రీషియా ఆరుగురు పిల్లల్లో పెద్దది. తమ్ముళ్ళు ఉన్నారు. 1999లో విలీనం జరిగిన కొత్తలో ఆమెనే రాబోయే వారసురాలిగా చూపిస్తూ పత్రికలో వచ్చిన వ్యాసం అవతలి పక్షానికి కోపం తెప్పిస్తే, ఆమె పదవి వదిలి వెళ్ళవలసి వచ్చింది. తండ్రి అడ్డుపడలేదు. 2002లో బనెస్తో అధ్యక్షురాలిగా తిరిగి వచ్చింది. 2010 నుంచి బ్రిటన్ శాఖ బాధ్యత. 2014 సెప్టెంబరు 10న, తండ్రి పోయిన మరునాడే, పాలకమండలి ఆమెను ఎన్నుకుంది. అప్పటికి ఆమెకు ఇంకా 54 నిండలేదు.

మా నాన్నకు నూనె మిల్లు ఉండేది. పదహారో ఏట నుంచి జమాఖర్చులు నేనే రాశాను. వేరుశనగ చేతిలోకి తీసుకుని నలిపి, వాసన చూసి, బస్తాకు నూనె ఎంత దిగుతుందో చెప్పేదాన్ని. నాన్న పోయాక మిల్లు అన్నయ్యకు వెళ్ళింది. ఆయన నాలుగేళ్ళలో అమ్మేశాడు. ఆ స్థలంలో ఇప్పుడు కల్యాణమండపం ఉంది. అందుకే బోతిన్ ఇంకేం చేసినా చేయకపోయినా, కొడుకులు ఉండగా కూతురిని తయారుచేసిన తండ్రిగా నాకు పెద్దవాడే.

నికరలాభం · సాయంత్రం 4:48

అమ్మా, నొప్పించాలని కాదు. మీ మిల్లు మీ అన్నగారికి వెళ్ళిందీ వారసత్వం పేరుతోనే కదా. పని చూసి ఇచ్చి ఉంటే మీకే వచ్చేది. నాకూ మీకూ అన్యాయం చేసింది ఒకే కత్తి. మీరు దాని పిడి పట్టుకున్న చేతిని మెచ్చుకుంటున్నారు.

నూనెమిల్లు · సాయంత్రం 5:20

ఈ మాట గురించి చాలాసేపు ఆలోచించాను. మీరన్నది కొంత నిజం. కానీ పని చూసి ఇచ్చే చోట కూడా నాకు ఎవరు ఇచ్చారు? మిల్లు పోయాక రెండు చోట్ల ఉద్యోగానికి వెళ్ళాను, ఆడమనిషి సరుకు కొనుగోలుకు తిరగలేదని గుమాస్తా పని చూపించారు. నాకు దారి ఉండి ఉంటే ఇంట్లోనే ఉండేది. అదీ మూసేశారు.

పాతలెడ్జర్ · సాయంత్రం 6:10

నికరలాభం గారూ, మధ్యాహ్నం నేను రాసిన ఎర్ర సిరా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ టేబులు సంగతి చదివాక నాది కూడా రాయాలనిపించింది, ఎందుకంటే నేను బోతిన్‌ను పట్టుకుని వేళ్ళాడటానికి కారణం అదే.

మా బ్యాంకుకు వారసులు లేరు. ఎవరిదీ కాదు. మూడేళ్ళకో, అంతకన్నా ముందో ఒక అధ్యక్షుడు వచ్చేవారు. ఒకాయన హయాంలో అప్పులు పెంచాలని రోజూ ఫోన్లు. ఒక పెద్ద అప్పు ఫైలు నా దగ్గరకు వచ్చింది. తాకట్టు చాలదని రాశాను. పైనుంచి ఫోను వచ్చింది, కాగితం రాలేదు. సంతకం పెట్టాను. అప్పు మునిగే నాటికి ఆయన పదవీ విరమణ చేసి మరో కంపెనీ పాలకమండలిలో ఉన్నారు. తర్వాత వచ్చిన ఇద్దరూ "మా కాలంలో కాదు" అన్నారు. విచారణ నా మీద జరిగింది. రెండేళ్ళు. కూతురి పెళ్ళి చూపులకు వచ్చినవారు ఆ సంగతి తెలిసి వెనక్కి వెళ్ళారు. చివరికి తప్పు లేదని రాశారు, అప్పటికి నా పదోన్నతి వయసు దాటింది.

బోతిన్ మంచివాడా చెడ్డవాడా అన్నది పక్కన పెట్టండి. 1989లో నిర్ణయం తీసుకున్నవాడు 2009లో కూడా అదే గదిలో ఉన్నాడు. "నా కాలంలో కాదు" అనే వీలు ఆయనకు లేదు. నేను కోరుకున్నది అలాంటి ఒక మనిషిని.

నికరలాభం · సాయంత్రం 6:45

సంతకం లేని ఫోను దెబ్బ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. మీ మీద జరిగినది అన్యాయం.

ఇప్పుడు మనం ఎక్కడ విడిపోతున్నామో కనిపిస్తోంది. మీకు కావలసింది వెళ్ళిపోకుండా ఉండే మనిషి. నాకు కావలసింది అవసరమైతే పంపించగలిగే మనిషి. బోతిన్ మొదటిది, రెండోది కాదు. 28 ఏళ్ళలో ఆయన్ను దించగల చోటు ఒక్కటీ లేదు. 2014 సెప్టెంబరు 10న ఆ పాలకమండలి "కొన్ని నెలలు ఆగి బయట కూడా చూద్దాం" అనగలిగేదా? అంత్యక్రియలు కూడా కాకముందే ఏకగ్రీవం అయిపోయింది.

పాతలెడ్జర్ · రాత్రి 7:20

అనలేకపోయేది. అది ఒప్పుకుంటాను.

కానీ వచ్చినామె ఊరికే కూర్చోలేదు. రెండు నెలల్లో తండ్రి నియమించిన ముఖ్య కార్యనిర్వాహకుణ్ణి మార్చింది. 2015 జనవరిలో ఒక్కసారిగా 750 కోట్ల యూరోల కొత్త మూలధనం తెచ్చింది. డివిడెండును షేరుకు 60 సెంట్ల నుంచి 20కి దించింది. మరునాడు షేరు సుమారు 14 శాతం పడింది. తండ్రి ఏళ్ళ తరబడి తగ్గించకుండా నిలిపిన డివిడెండు అది. జీతానికి వచ్చినవాడు చేయగలడా ఆ పని?

నికరలాభం · రాత్రి 7:35

మీరు ఆమె ధైర్యం చూస్తున్నారు, నేను ఆ 750 కోట్లు చూస్తున్నాను. అంత పెద్ద బ్యాంకులో మూలధనం అంత పల్చగా ఉందని తండ్రి బతికుండగా పైకి చెప్పినవారు ఎవరు? చెప్పగలిగినవారు ఎవరు?

తీరందాటి · రాత్రి 7:50

బయట చెప్పినవారు ఉన్నారు. ఇక్కడి పత్రికల్లో మూలధనం గురించి విశ్లేషకుల ప్రశ్నలు ఆయన ఉండగానే వచ్చేవి. లోపల నుంచి ఎవరూ మాట్లాడలేదు, అంతే తేడా.

రైలుబండి · రాత్రి 8:02

మన దగ్గర ప్రైవేటు బ్యాంకులకు 2021లో రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. ప్రమోటరే ముఖ్య అధికారిగా ఉంటే 12 ఏళ్ళు, ప్రత్యేకంగా అనుమతిస్తే 15. ఇంకొకటి, బోతిన్‌ల తాత పోయిన 1923లోనే మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టారు. దానికి వంశం లేదు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయి పేరు కూడా లేకుండా పోయింది.

పాతలెడ్జర్ · రాత్రి 8:15

ఆ బోర్డులు దించిన రోజు మా వీధిలో నేనూ చూశాను. ఆ మాట ఇప్పుడు ఎత్తకండి.

నికరలాభం · రాత్రి 8:40

రైలుబండి గారి 12 ఏళ్ళ లెక్క వేసి చూశాను. 1986కు 12 కలిపితే 1998. అప్పటికి సూపర్‌క్వెంతా అయిపోయింది, బనెస్తో వేలం అయిపోయింది. మీరు ఉదయం మెచ్చుకున్న రెండు పనులూ ఆయనకే ఉంటాయి. సమానుల విలీనం, 10.8 కోట్ల పింఛను, 1,29,000 మందికి అమ్మిన పత్రాలు, మేడాఫ్, ఇవేవీ ఆయన చేతుల మీదుగా జరిగి ఉండేవి కావు.

పాతలెడ్జర్ · రాత్రి 9:05

బానెస్పా కూడా ఉండేది కాదు. ఆంతోన్‌వెనెతా కూడా.

నికరలాభం · రాత్రి 9:10

అవును, అవి కూడా.